‘అనుకుంటే’ ఎక్కడ పోయింది?

కర్నూలు జిల్లా దేవనకొండ చుట్టుపక్కల రైతు బోరు వేయించే ముందు పాయింటు పెట్టిస్తాడు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకొని చేనంతా నడిచేవాళ్లు ఒక రకం. నేలలో నాలుగు కడ్డీలు దిగ్గొట్టి, కరెంటు పంపి, కింది రాతి నిరోధాన్ని మీటరుతో కొలిచేవాళ్లు ఇంకో రకం. రెండోవాళ్ల సంగతే చూద్దాం. లెక్క కోసం కొన్ని అంకెలు పెట్టుకుందాం. నీళ్లున్న చోట ఆ మీటరు వందకు 80 సార్లు ‘ఉంది’ అంటుంది, లేని చోట కూడా వందకు 40 సార్లు ‘ఉంది’ అనేస్తుంది. ఇవాళ ఈ చేలో ‘ఉంది’ అంది. నీళ్లు పడే అవకాశం ఎంత? ఇంతవరకు చెప్పినదాంతో జవాబు రాదు. ఆ ఊళ్లో పది బోర్లకు మూడు పడుతున్నాయి అనుకుంటే 46 శాతం వస్తుంది. పదికి ఒకటే పడుతోంది అనుకుంటే 18 శాతం వస్తుంది. మీటరు అదే, అది చెప్పిన మాటా అదే. 80ని 40తో భాగిస్తే వచ్చే 2 దాని సాక్ష్యానికున్న బలం, అది రెండు ఊహల్లోనూ మారలేదు. గణాంకశాస్త్రంలో ఈ 2ను బేయస్ ఫ్యాక్టర్ అంటారు. అప్పు తెచ్చి రిగ్గును పిలవబోయే మనిషికి ఆ 2 ఒక్కదాంతో పని జరగదు. ఊరి సంగతి కూడా కలిపితే తప్ప అది అవకాశంగా మారదు. అయినా పరిశోధన సాఫ్ట్‌వేర్ తెర మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది తరచూ ఆ 2 లాంటి అంకే. చదివినవాళ్లు దాన్ని ‘రెండింతల అవకాశం’ అని అర్థం చేసుకుంటారు.

బేయస్ పద్ధతిలో వచ్చే ప్రతి ఫలితం ‘ఫలానా విధంగా అనుకుంటే’ అనే షరతుతో మొదలయ్యే వాక్యమే. సాఫ్ట్‌వేర్ ఆ లెక్కను సులువు చేసింది, అదే ఊపులో షరతును కనబడకుండా చేసింది. పత్రం రాసేవాడు షరతు చెప్పడు, చదివేవాడు అడగడు. కాబట్టి ఈ ఫలితాలను వివరించడమంటే పోయిన షరతును వెతికి వాక్యంలో మళ్లీ పెట్టడమే అన్నది ఈ వ్యాసం వాదన. ఇది కొత్త జబ్బు. థామస్ బేయస్ 1761లో చనిపోయాక ఆయన వ్యాసాన్ని రిచర్డ్ ప్రైస్ 1763లో వెలుగులోకి తెచ్చాడు. ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా అందులోని సూత్రాన్ని నిజమైన సమస్యలకు వాడాలంటే చేతితో తెమలని సమాకలనాలు అడ్డొచ్చేవి. అందుకే వాడిన కొద్దిమందీ ప్రతి ఊహనూ కాగితం మీద పెట్టి, దానికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. 1953లో మెట్రోపోలిస్ బృందం భౌతికశాస్త్రం కోసం కనిపెట్టిన యాదృచ్ఛిక నడక ఉపాయాన్ని గెల్‌ఫాండ్, స్మిత్‌లు 1990లో గణాంకశాస్త్రం ముంగిట్లోకి తెచ్చారు. అంతకు ఏడాది ముందే కేంబ్రిడ్జిలో బగ్స్ అనే ప్రోగ్రాం పని మొదలైంది. 2012లో స్టాన్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ జాస్ప్‌లో కోడు రాయాల్సిన పని కూడా లేదు. ఫైలు తెరిచి, రెండు గడులకు టిక్కు పెడితే బేయస్ ఫ్యాక్టర్ వచ్చేస్తుంది.

ఈ యంత్రాల కడుపులో మన ప్రాంతపు మనిషి ఒకాయన ఉన్నాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు (సి.ఆర్. రావు) 1920 సెప్టెంబరు 10న హడగలిలో పుట్టారు. ఆ ఊరు అప్పటి బళ్లారి జిల్లాలోది. 1953లో కర్నూలు జిల్లాకు వచ్చే దాకా ఆదోని తాలూకా కూడా ఆ జిల్లాలోదే. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వెళ్లి, 1945లో, పాతికేళ్లు నిండే నాటికి, ఒక పత్రం ప్రచురించారు. దేన్ని ఎంత కచ్చితంగా అంచనా వేయగలమో చెప్పే హద్దు, ఉన్న అంచనాను మెరుగుపరిచే ఉపాయం, సంభావ్యతల మధ్య దూరాన్ని జ్యామితిగా కొలిచే పద్ధతి మూడూ అందులోనే ఉన్నాయి. ఆ తర్వాత కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గర డాక్టరేటు చేశారు. ఫిషర్‌కు బేయస్ పద్ధతి గిట్టదు. దాన్ని నెత్తిన పెట్టుకున్న జెఫ్రీస్ కూడా అప్పట్లో ఆ ఊళ్లోనే ఉన్నాడు. రావు ఫిషర్ బడి మనిషే. అయినా గెల్‌ఫాండ్, స్మిత్‌లు తమ యాదృచ్ఛిక నడకల (వీటినే గొలుసులంటారు) లెక్కను స్థిరపరచడానికి వాడుకున్నది రావు, బ్లాక్‌వెల్‌ల పేరిట ఉన్న ఉపాయాన్నే. 2011లో గిరోలామి, కాల్డర్‌హెడ్‌లు నడకను నేల వాలును బట్టి మలచడానికి తీసుకున్నది ఆయన జ్యామితినే. అందుకే ఈ చర్చను బేయస్ వర్గం, ఫిషర్ వర్గం అని రెండు జెండాల కింద నిలబెట్టి చూసేవాళ్ల మాట నాకు పెద్దగా ఎక్కదు. సామగ్రి ఉమ్మడిదే. పేచీ వచ్చేది ఫలితాన్ని ఏ వాక్యంలో చెప్పాలన్న దగ్గరే.

షరతు ఎలా మాయమవుతుందో ఒక్క గడిని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. వేరుశనగలో కే-6, కదిరి లేపాక్షి రకాలను వేర్వేరు వానాధారపు పొలాల్లో వేసి దిగుబడి పోల్చారనుకుందాం. దిగుబడి ఎకరాకు 5 క్వింటాళ్ల అటూ ఇటూ, పొలానికీ పొలానికీ మధ్య ప్రామాణిక విచలనం 2 క్వింటాళ్లు అనుకుందాం. జాస్ప్‌లో రెండు గుంపుల టీ-పరీక్ష పెడితే, దత్తాంశం చూడకముందటి ఊహను అడిగే ప్రయర్ అనే గడిలో ముందే నిండి ఉన్న అంకె 0.707. అది ప్రామాణిక విచలనాల్లో కొలిచిన కాషీ విభాజనపు వెడల్పు. చాలామంది దాన్ని తాకను కూడా తాకరు. ఆ అంకెకు మన చేలలో అర్థం ఏమిటి? రెండు రకాల మధ్య తేడా ఉంటే, అది 1.4 క్వింటాళ్లకు మించి ఉండే అవకాశం సగానికి సగం అని. ఇంకా లోతుకు వెళితే, ఎకరాకు 4.2 క్వింటాళ్లకు మించిన తేడా ఉండే అవకాశం అయిదింట ఒక వంతు అని. పండేదే 5 క్వింటాళ్లయిన చోట ఒక రకం ఇంకోదానికంటే 4 క్వింటాళ్లు ఎక్కువో తక్కువో ఇస్తుందని అయిదింట ఒక వంతు నమ్మే రైతు ఎవరు? ఎమ్మిగనూరు సంతలో విత్తనాలమ్మే మనిషి కూడా అంత కోత కోయడు. అయినా మీట నొక్కిన పరిశోధకుడు సంతకం పెట్టింది సరిగ్గా ఆ మాట మీదే. తప్పు సాఫ్ట్‌వేర్‌ది అనలేం. ఆ అంకె మనోవిజ్ఞాన ప్రయోగాలను దృష్టిలో పెట్టుకొని, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టడానికి ఇచ్చినది. మార్చుకునే వీలూ ఇచ్చారు, మారిస్తే ఫలితం ఎంత కదులుతుందో చూపే బొమ్మ కూడా పక్కనే ఇచ్చారు. ఆ బొమ్మ పత్రాల్లోకి అరుదుగా వస్తుంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. దత్తాంశం పెరిగేకొద్దీ ప్రయర్ ప్రభావం వానకు కొట్టుకుపోతుంది కదా, ఇంత రభస ఎందుకు అని. ఇది సగం నిజం. తేడా ఎంత అని అంచనా వేసేటప్పుడు, పొలాలు వందల్లో ఉంటే, 0.707 పెట్టినా 1.4 పెట్టినా జవాబు దాదాపు ఒకటే. తేడా ఉందా లేదా అని బేయస్ ఫ్యాక్టర్‌తో తేల్చేటప్పుడు మాత్రం అలా కాదు. ప్రయర్ వెడల్పును పెంచుకుంటూ పోతే, ఒక్క గింజ బరువు కూడా మారకుండానే ఫ్యాక్టర్ ‘తేడా లేదు’ అనే వైపుకు ఒరుగుతుంది. ఎందుకంటే వెడల్పయిన ప్రయర్ తన నమ్మకాన్నంతా నాలుగు క్వింటాళ్లు, ఆరు క్వింటాళ్లు లాంటి జరగని తేడాల మీద చల్లేస్తుంది. నిజంగా కనిపించిన అర క్వింటాలుకు దాని వాటా పలచబడిపోతుంది. పీ-విలువ ‘తేడా ఉంది’ అన్న దత్తాంశం మీదే బేయస్ లెక్క ‘లేదు’ అనగలదని, దత్తాంశం పెరిగితే ఈ వైరుధ్యం ఇంకా ముదరగలదని లిండ్లీ 1957లోనే చూపించాడు. ‘ఏమీ తెలియదు కాబట్టి బాగా వెడల్పయిన ప్రయర్ పెట్టాం, అది నిష్పాక్షికం’ అనే వాక్యం పత్రాల్లో కనిపించినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వెడల్పు కూడా ఒక పక్షమే. ఇక ఫ్యాక్టర్ 3 దాటితే ఒక బిరుదు, 10 దాటితే ఇంకో బిరుదు ఇచ్చే అలవాటు జెఫ్రీస్ నాటిది. పీ-విలువకు 0.05 గీత గీసి నష్టపోయినవాళ్లమే ఇక్కడ కొత్త గీతలు గీసుకుంటున్నాం.

దత్తాంశం ఎంత ఉన్నా ప్రయర్ వదలని ఇంకో చోటు ఉంది. దానికి తెలుగు నేల మీది ఉదాహరణే దొరుకుతుంది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చిన రోజుల్లో, చిన్న అప్పులు పేదల బతుకులు మారుస్తాయన్నవాళ్లూ ముంచుతాయన్నవాళ్లూ సమానంగా గొంతెత్తారు. అంతకు కొన్నేళ్ల ముందే హైదరాబాదులో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచల్ గ్లెన్నర్‌స్టర్, సింథియా కినన్‌లు దాన్ని ప్రయోగంగా పరీక్షించారు. 104 బస్తీలు తీసుకొని, చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా 52 ఎంచారు, ముందుగా ఆ బస్తీల్లో స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ శాఖలు తెరిచింది. 2015లో అచ్చయిన ఫలితం ఉత్సాహపరిచేది కాదు, భయపెట్టేదీ కాదు. అప్పులు పెరిగాయి, అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు పెట్టుబడి పెంచారు. కానీ ఇంటి మొత్తం ఖర్చులో, పిల్లల చదువులో, స్త్రీల స్థితిలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ఇలాంటి ప్రయోగాలే బోస్నియా, ఇథియోపియా, మెక్సికో, మంగోలియా, మొరాకో, ఫిలిప్పీన్స్‌లలో ఇంకో ఆరు జరిగాయి. ఏడు చోట్ల ఏడు అంకెలు వచ్చాయి. ఒక్కొక్కటీ విడివిడిగా నిజమా, లేక ఒకే నిజానికి ఏడు వణుకులా? రేచల్ మీగర్ 2019లో ఈ ఏడింటినీ బేయస్ అంతస్తుల నమూనాలో పెట్టింది. దేశానికో సొంత ప్రభావం ఉంటుంది, కానీ ఆ ప్రభావాలన్నీ ఒకే కుదురు నుంచి వచ్చినవి అనుకునే నమూనా అది. అందులో హైదరాబాదు అంకె మంగోలియా అంకె నుంచి కొంత బలం అరువు తెచ్చుకుంటుంది. బాగా పైకి లేచినదీ, బాగా కిందికి పడినదీ సగటు వైపుకు కొంత జరుగుతాయి. చివరకు తేలిందేమిటంటే, సూక్ష్మరుణం ఇంటి వ్యాపారాన్నీ ఖర్చునూ తలకిందులుగా మార్చే అవకాశం తక్కువ, ప్రభావం దాదాపు లేకపోనూవచ్చు. దేశాల మధ్య కనిపించిన తేడాల్లో సుమారు 60 శాతం నిజమైన తేడా కాదు, నమూనా సేకరణలో వచ్చే ఊగిసలాటే.

ఏడు దేశాల్లో కలిపి కుటుంబాలు వేలకు వేలు. అయినా ‘దేశానికీ దేశానికీ మధ్య ప్రభావం ఎంత మారుతుంది’ అనే ప్రశ్నకు మన చేతిలో ఉన్నవి ఏడే ఏడు గింజలు. కుటుంబాలను పదింతలు చేసినా ఆ ఏడు ఎనిమిది కావు. కాబట్టి ఆ మార్పు పరిమాణం మీద పెట్టే ప్రయర్ చివరిదాకా ఫలితంలో మిగిలే ఉంటుంది. ఇలా ఫలితాలను కలిపే పని కోసం స్టాన్ మీద కట్టిన బాగర్ అనే ఆర్ ప్యాకేజీ కూడా ఇప్పుడుంది, మీగర్ దాని రచయితల్లో ఒకరు. ఏడు అంకెలు, వాటి ఏడు ప్రామాణిక దోషాలు ఇస్తే చాలు. ప్రయర్ ఇవ్వకపోయినా పని ఆగదు, దత్తాంశాన్ని చూసి అదే ఒకటి ఎంచుకుంటుంది. పనికొచ్చే సాధనమే, సందేహం లేదు. కానీ మన జిల్లాల్లో నాలుగు కేంద్రాల ఫలితాలను కలిపి ‘జిల్లాల మధ్య తేడా లేదు’ అని రాసే పరిశోధకుడు, ఆ ‘లేదు’లో ఎంత భాగం పొలం చెప్పిందో ఎంత భాగం ప్యాకేజీ చెప్పిందో విడదీసి చూపించాలి. ఇది పెద్ద పనేం కాదు. ప్రయర్‌ను రెండు మూడు రకాలుగా మార్చి మళ్లీ నడిపి, మూడు అంకెలనూ ఒకే పట్టికలో పెడితే సరి.

ఇప్పటిదాకా ప్రయర్ మీదే పడ్డాం, అందరూ అలాగే పడతారు. నిజానికి అంతకంటే పెద్ద ఊహ పక్కన మౌనంగా కూర్చుని ఉంటుంది. దత్తాంశం ఏ పద్ధతిలో పుట్టిందన్న నమూనా, అంటే లైక్లీహుడ్. హైదరాబాదు బస్తీల్లో చాలా ఇళ్లకు వ్యాపారమే లేదు కాబట్టి లాభం సున్నా. కొద్ది ఇళ్లకు మాత్రం లాభం మిగతావాళ్లకు అందనంత ఎత్తులో ఉంటుంది. దీన్ని గంట ఆకారపు వక్రరేఖలో కుక్కితే సగటు అనేది ఆ కొద్దిమంది పెద్దవాళ్ల చేతిలో కీలుబొమ్మ అవుతుంది. మెక్సికో అధ్యయనంలో 16,560 ఇళ్లలో ఒక్క ఇంటిని తీసేస్తే లాభం మీది ప్రభావం గుర్తే మారిపోతుందని బ్రోడరిక్, జోర్డానో, మీగర్‌లు చూపించారు. మీగర్ 2022 పత్రంలో సున్నా ఇళ్లను వేరుగా, బరువైన తోకను వేరుగా నమూనా చేసింది. అప్పుడు తేలిందేమిటంటే, కింది నుంచి అయిదో శాతం నుంచి డెబ్బయి అయిదో శాతం దాకా ఉన్న ఇళ్లకు ప్రభావం కచ్చితంగా సున్నా దగ్గరే. పై అంచున పెద్ద ప్రభావం ఉండొచ్చు, కానీ అది ఎంతో అనిశ్చితం. అదే దత్తాంశం, అదే బేయస్ సూత్రం. నమూనా మారితే వాక్యం మారింది. మన దగ్గర తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో వజ్రాల కోసం వెతికే జనం సంగతీ ఇలాంటిదే. దొరికినవాడి కథ పత్రికలో వస్తుంది, నెలంతా వంగి వంగి ఉత్త చేతులతో వెళ్లినవాడి కథ రాదు. పత్రికల కత్తిరింపులను దత్తాంశంగా ఇస్తే ఏ సాఫ్ట్‌వేరైనా జొన్నగిరిని గోల్కొండ చేసి చూపిస్తుంది. వార్త ఎలా వార్త అయిందన్నది నమూనాలో లేకపోతే ప్రయర్ ఎంత జాగ్రత్తగా పెట్టినా దండగే.

ప్రయర్ అంటే పరిశోధకుడి సొంత అభిప్రాయం, అది విజ్ఞానంలోకి ఎలా వస్తుంది అన్నది పాత అభ్యంతరం. దీనికి జవాబు చెప్పినవాళ్లలో దేవవ్రత బసు ఒకరు. ఆయన సి.ఆర్. రావు తొలి పరిశోధక విద్యార్థి, గురువు దారిలో మొదలై చివరకు బేయస్ గట్టుకు చేరినవాడు. 1971లో ఆయన అల్లిన సర్కసు కథ గణాంకవేత్తలందరికీ తెలుసు. 50 ఏనుగుల మొత్తం బరువు కావాలి, తూచడానికి వీలున్నది ఒక్కదాన్నే. మధ్యరకం ఏనుగును తూచి 50తో హెచ్చిద్దామంటాడు యజమాని. అలా కాదు, యాదృచ్ఛికంగా ఎంచాలని పట్టుబట్టి, ఆ మధ్యరకందానికే 99 శాతం అవకాశమిచ్చి చీటీ తీయిస్తాడు గణాంకవేత్త. అదే వస్తుంది. అప్పుడు సూత్రం ప్రకారం మొత్తం మంద బరువు ఆ ఒక్క ఏనుగు బరువు కంటే పిసరంత ఎక్కువ! నియమం తప్పలేదు, ఉద్యోగం మాత్రం పోయింది. తెలిసినదాన్ని లెక్కలోకి రానివ్వకపోవడం కూడా ఒక ఎంపికేనని బసు చూపించాడు. అభ్యంతరంలో నిజం లేకపోలేదు. కోరుకున్న జవాబు వచ్చేదాకా ప్రయర్ మార్చుకునేవాడు ఉంటాడు. కానీ అతను ప్రయర్ రాసి ఉంచితే దొరికిపోతాడు. గుట్టుగా కొన్ని పొలాలను ‘తెగులు’ పేరుతో లెక్కలోంచి తీసేసేవాణ్ణి పట్టుకోవడం అంతకంటే కష్టం.

లెక్క సరిగా నడిచిందో లేదో చూడటం గురించి క్లుప్తంగా చెబితే చాలు, ఎందుకంటే ఈ విషయంలో సాఫ్ట్‌వేర్ తన వంతు బాగానే చేస్తోంది. నాలుగు గొలుసులను నాలుగు మూలల నుంచి వదులుతారు. ఒకే చేనును నాలుగు గట్ల మీద నుంచి దిగి వెతికిన నాలుగు జట్లు చివరకు ఒకే రకంగా ఆ చేనును వర్ణిస్తే నమ్మొచ్చు. ఆర్-హ్యాట్ కొలిచేది దాన్నే. ఒకప్పుడు 1.1 లోపు ఉంటే చాలనేవారు, 2021 తర్వాత 1.01 అడుగుతున్నారు. స్టాన్ డైవర్జెన్సుల హెచ్చరిక ఇస్తే దాన్ని దాటేసి ముందుకు పోకూడదు, నడక చేరలేకపోయిన సందు ఏదో ఉందని దాని అర్థం. అయితే నాలుగు జట్లూ ఒకే మాట చెప్పినంత మాత్రాన అది సరైన చేనని రుజువు కాదు. ఆర్-హ్యాట్ 1.00 అని వచ్చింది కాబట్టి నమూనా సరైనదని రాసిన పత్రాలు ఈ రెండింటినీ కలిపేస్తున్నాయి.

ఇక ఫలితాన్ని మాటల్లో పెట్టడం. ఆ వేరుశనగ రకాల మధ్య తేడాకు 95 శాతం క్రెడిబుల్ ఇంటర్వెల్ 0.1 నుంచి 0.9 క్వింటాళ్లు అని వస్తే, ఈ నమూనా, ఈ ప్రయర్ అనుకుంటే అసలు తేడా ఆ మధ్యలో ఉండే అవకాశం 95 శాతం అని చెప్పే హక్కు బేయస్ పద్ధతి ఇస్తుంది. పాత కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ ఆ హక్కు ఇవ్వదు. బేయస్ పద్ధతికున్న పెద్ద ఆకర్షణ ఇదే, రైతు అడిగే ప్రశ్నకు రైతు భాషలో జవాబు. దాన్ని కాపాడుకోవాలంటే తేడా సున్నా కంటే ఎక్కువా అని అడగడం మాని, విత్తనం ఖర్చులో తేడాకు మించి మిగిలే అవకాశం ఎంత అని అడగాలి. ‘తేడా సున్నాకు పైన ఉండే సంభావ్యత 99 శాతం’ అన్న వాక్యంలో తేడా పిడికెడు కాయలు కూడా కావచ్చు.

ఆ ఖర్చు మాట దగ్గరే బేయస్ లెక్కకు హద్దు కనిపిస్తుంది. 2024లో దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో యురేనియం అన్వేషణ కోసం 68 బోర్లు వేయాలన్న ప్రతిపాదన బయటికొచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. భూగర్భ శాస్త్రవేత్త దృష్టిలో ఒక్కో బోరు ఒక్కో సాక్ష్యం. 68 బోర్లూ కలిసి ఖనిజం ఉండే సంభావ్యతను పైకో కిందికో జరుపుతాయి. ఊళ్లవాళ్లు ఆ సంభావ్యతతో పేచీ పడలేదు. ఖనిజం ఉందని తేలితే తమ నీళ్లకూ పశువులకూ ఏమవుతుందన్నది వాళ్ల ప్రశ్న. అంటే వాళ్లు అడుగుతున్నది నష్టం పట్టిక. నిర్ణయ సిద్ధాంతంలో పోస్టీరియర్‌ను, అంటే సాక్ష్యం చూశాక వచ్చిన సంభావ్యతను, ఆ పట్టికతో గుణిస్తే తప్ప ‘తవ్వాలా వద్దా’ రాదు. స్టాన్‌లో గానీ జాస్ప్‌లో గానీ ఆ పట్టిక ముందే నిండి ఉన్న గడి ఏదీ లేదు. బోరు పాయింటు దగ్గర రైతుకూ ఇదే లెక్క. 18 శాతమైనా కొందరు వేయిస్తారు, 46 శాతమైనా కొందరు మానుకుంటారు. ఒకరికి ఎండిపోతున్న చీనీ తోట ఉంది, ఇంకొకరికి కిందటేడు వేసి ఉత్త దుమ్ము లేచిన రెండు బోర్ల బాకీ ఉంది.